నాలుగు వేళ్ల మడత

ఐసీయూ గుమ్మం కాడ చెప్పులిడిసి లోపలికి పోతవు నువ్వు.
బయట నేను చెప్పులకు కావలుంట.
పందొమ్మిది రోజులు చేసిన పని అదొక్కటే, చంద్రకళా.
ఇంకేం చేసినవని ఎవరన్న అడిగితే
నాకు చెప్పరాదు.

రెడ్ హిల్స్‌ల రాత్రి పండుకోదు.
మెట్ల కింద చాపలు, చాపల మీద తల్లులు,
ఒక్క చార్జింగు పిన్నుకు పది సెల్లుల వరుస.
నువ్వు పైనున్నప్పుడు
నీ సెల్లు నా ఒళ్లె మోగేది.
"ఎట్లుంది?" అని నీ ఆడబిడ్డ,
"ఎట్లుంది?" అని షాపు సేటు,
బడి నుంచి టీచరమ్మ.
గట్లనే ఉన్నది, గట్లనే ఉన్నదని చెప్పీ చెప్పీ
ఆ మాట నాలుకను సున్నంలెక్క కొట్టేసింది.

ప్లేట్‌లెట్లు కావాల్నంటే
బోరబండ ఆటో స్టాండుల నిలబడి ఒర్రిన.
ఇద్దరొచ్చిన్రు. ఒకాయన జహంగీరు,
రెండు గంటలు సూది పెట్టిచ్చుకోని పండుకోని
లేసి, ఖాకీ చొక్కా గుండీలేసుకోని
"బచ్చీ కా నామ్ క్యా హై అమ్మా?" అన్నడు.
తన్విత అన్న. నోరు తిరగలే ఆయనకు.
"తన్నూ" అనుకుంటనే మెట్లు దిగిండు.

ఒకనాడు నేనే తప్పు మాటన్న.
"అంత మంచిగైతది, ఊకో" అన్న.
నువ్వు ఇడ్లీ పొట్లం మూసి నా దిక్కు చూసినవు,
కుట్టు తప్పిన చోట నువ్వు చూసే చూపు అది.
అప్పటిసంది నోరు బంద్.
నీళ్ల సీసా మూత తీసిచ్చుడు,
చీటీలు తారీకులవారీగ పేర్చుడు,
నీ జడ ఊడితె మళ్ల ఏసుడు.

ఇరవయ్యో రోజు. ఇంక తెల్లారలే.
నువ్వు ఉత్త కాళ్లతోని బయటికొచ్చినవు.
ఏడ్వలే. ఆగలే. సంతకాలకు మీ ఆయన లోపలున్నడు.
మెట్లు దిగి, గేటు దాటి, లక్డీకాపూల్ దాక నడిచినవు,
నీ ఎనక నేను, నా చేతుల నీ చెప్పులు.
పాల డబ్బాలు దింపుతున్నరు,
మెట్రో పిల్లర్ల కింద ఊడుస్తున్నరు.
పిలిస్తె పడిపోతవేమోనని పిలవలే.
పెట్రోలు బంకు కాడ ఆగి, ఎనకకు తిరగకనే
"లేస్తనే ఆకలంటదే అది" అన్నవు.

తర్వాత ఇంటికి మందొచ్చిన్రు, మాటలు మోసుకోని.
"ఇచ్చినోడే తీస్కపోయిండు" అన్నామెకు
చాయ్ ఇచ్చి సాగదోలిన.
"వయసున్నది, ఇంకొకరిని కను" అన్నామెకు
చాయ్ కూడ ఇయ్యలే.

రెండు నెలలకు షాపుకొచ్చినవు.
నీ మిషను కింద సంచిల ఆ గౌను అట్లనే ఉండె.
పోయినేడు కుట్టినవు దాన్ని, పసుపుపచ్చది,
అంచుకు నాలుగు వేళ్ల మడత పెట్టి.
"పెరిగే పిల్ల, ఏడాదికొక వేలు ఇప్పుకుంట పోత" అన్నవు.
మొదటి వేలు ఇప్పనీకె తెచ్చినవు, ఆ వారమే జరమొచ్చింది.
దాయాల్నో పారెయ్యాల్నో తెల్వక
రోజు మిషను తుడిసినప్పుడు
సంచి మీది దుమ్ము కూడ దులిపిన.

నువ్వు సంచి తీసినవు. కత్తెర తీసినవు.
నా పానం ఆగింది.
ఒక్కొక్క దారం తెంపుకుంట
ఒక వేలు కాదు, నాలుగు వేళ్లు ఇప్పినవు.
పైన ఎండకు ఎలిసిన పసుపు,
మడతల దాగిన చోట నిన్న కొన్నట్టు పసుపు.
దాని మీద చెయ్యి పరిచి కూసున్నవు
సరిగ్గ నాలుగు వేళ్లు.

మళ్ల ఇస్త్రీ పెట్టె ఏడి చేసినవు,
నీళ్లు చల్లి, ఒత్తి, మళ్ల ఒత్తి.
"గీత పోతలేదే" అన్నవు.
"పోదు" అన్న.

గిరాకొచ్చింది, జాకెట్టు ఎప్పుడిస్తరని.
"బేస్తారం" అన్నవు.
గడప అవతల నీ చెప్పులున్నయి, నావి పక్కన.
ఎవరు తీస్కపోతరు వాటిని,
అయినా ఒకసారి తొంగి చూసిన.